కొత్త సంస్థల సంఖ్య పెరిగితే దేశం ఎదిగినట్టేనా?

దస్త్రాలబల్ల
పారిశ్రామికవేత్తలే ఆర్థికాభివృద్ధికి చోదకశక్తి అన్న మాట ఏ సభకు వెళ్లినా వినిపిస్తోంది. నేను పదహారేళ్లుగా చిన్న వ్యాపారాల రుణ దరఖాస్తులు చదివే పనిలో ఉన్నాను. నా బల్ల మీదికి వచ్చే దస్త్రాల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి. పక్కవాళ్లు ఏది పెట్టారో అదే, అంతే పరిమాణంలో, అవే లాభాల అంచనాలతో. ఉద్యోగం దొరకక, ఏదో ఒకటి పెట్టుకుని బతకాలనుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లను తక్కువ చేసి మాట్లాడటం లేదు. వాళ్ల కష్టం ఎదురుగా కూర్చుని చూస్తున్నదాన్ని. కానీ ఇలాంటివి మరో వెయ్యి పుడితే దేశంలో ఉత్పత్తి పెరుగుతుందా, లేక ఉన్న గిరాకీనే ఇంకో వెయ్యి మంది పంచుకుంటారా? ఏటా "ఇన్ని సంస్థలు నమోదయ్యాయి" అని సంబరపడే లెక్క చూస్తే నాకు మనసు ఒప్పడం లేదు. మీకేమనిపిస్తోంది?

నిప్పురవ్వ
నేను ఒప్పుకోను. వెయ్యి పుడితేనే పది నిలుస్తాయి. ఆ పది ఏవో ముందుగా ఎవరికీ తెలియదు. ఇది మొలవదు, అది మొలవదు అని చల్లకముందే గింజలు ఏరి పారేస్తే చేలో ఏం మిగులుతుంది?

నాలుగుబాటలు
గింజ మొలవకపోతే పోయేది గింజే. సంస్థ మునిగితే ఇల్లు, పొదుపు, పిల్లల చదువు అన్నీ పోతాయి. ఈ తేడా మరిచిపోయి పోలికలు చెప్పకండి.

పాతలెక్కలు
రెండు వేర్వేరు పనులకు ఒకే పేరు పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆర్థికవేత్త జోసెఫ్ షుంపేటర్ 1911లోనే వీటి మధ్య గీత గీశాడు. ఆయన లెక్కలో వ్యాపారం నడిపే ప్రతివారూ పారిశ్రామికవేత్త కారు. కొత్త సరుకు, కొత్త తయారీ పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకుకు కొత్త వనరు, పరిశ్రమకు కొత్త అమరిక, వీటిలో ఏదో ఒకటి తెచ్చినప్పుడే ఆ పేరు దక్కుతుంది. తెచ్చాక అలవాటుగా నడుపుకుంటూ కూర్చుంటే ఆ పేరు పోతుంది కూడా. అంటే అది మనిషికి ఇచ్చే బిరుదు కాదు, చేస్తున్న పనికి పేరు.

సంఖ్య విషయానికొస్తే, పేద దేశాల్లోనే స్వయం ఉపాధి మీద బతికేవాళ్ల వాటా ఎక్కువ. ఆదాయం పెరిగే కొద్దీ జనం జీతాలిచ్చే పెద్ద సంస్థల్లోకి వెళతారు, ఆ వాటా తగ్గుతుంది. "సొంత వ్యాపారం" అన్న తల లెక్కే కొలమానమైతే పేద దేశాలన్నీ ఈపాటికి ముందు వరసలో ఉండాలి. 1999లో మొదలైన ప్రపంచ పారిశ్రామికవేత్తల సర్వే కూడా తరువాతి కాలంలో గత్యంతరం లేక పెట్టినవాళ్లను, అవకాశం చూసి పెట్టినవాళ్లను విడదీసి లెక్కించడం మొదలుపెట్టింది.

ఇంకో లెక్క. ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో అమెరికా అంకెలు తీసి చూశాడు. 1909 నుంచి 1949 వరకు అక్కడ పనిగంటకు ఉత్పత్తి రెట్టింపయింది. ఆ పెరుగుదలలో ఎనిమిదో వంతు మాత్రమే అదనంగా పెట్టిన యంత్రాలు, పెట్టుబడి వల్ల వచ్చింది. మిగిలిన 87.5 శాతం పని చేసే తీరు మారడం వల్లే వచ్చిందని తేల్చాడు. ఉన్నవే మరో వెయ్యి పెడితే అభివృద్ధి రాదన్న దస్త్రాలబల్ల గారి అనుమానానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు తెలియదు.

నిప్పురవ్వ
పాతలెక్కలు గారూ, గత్యంతరం లేనివాళ్లను ఒక గాటన కట్టేయడం సరికాదు. సోయిచిరో హోండా సంగతి చూడండి. యుద్ధంలో ఓడిపోయిన దేశం, ఇంధనం దొరకదు, రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. 1946లో ఆయన చేసింది సైన్యం వదిలేసిన చిన్న జనరేటర్ ఇంజన్లు కొని సైకిళ్లకు బిగించి అమ్మడమే. ఆ రోజు ఎవరైనా సర్వేకు వచ్చి ఉంటే ఆయన్ని ఏ గడిలో రాసేవారు?

కంచుగంట
మంచి ప్రశ్న. నాకైతే "గత్యంతరం లేక" అన్న గడిలోనే కనిపిస్తున్నాడు.

దస్త్రాలబల్ల
నిప్పురవ్వ గారి మాట నాకు సూటిగా తగిలింది. హోండా దరఖాస్తు నా బల్ల మీదికి వస్తే ఏం చేసేదాన్ని? మా పత్రంలో తాకట్టు, గత మూడేళ్ల రాబడి, ఇలాంటి వ్యాపారాలు చుట్టుపక్కల ఎలా నడుస్తున్నాయి అన్న గడులు ఉంటాయి. "ఇందులో కొత్త ఏమిటి" అన్న గడి లేదు. చుట్టుపక్కల అలాంటిది లేకపోతే మార్కులు తగ్గుతాయి. ఇన్నేళ్లలో ఇది నాకు తట్టలేదు.

సానరాయి
ఇరవై రెండేళ్లుగా యంత్ర విడిభాగాల వర్క్‌షాపు నడుపుతున్నాను. ఇక్కడి మాటలన్నీ కొత్తది కనిపెట్టినవాడి చుట్టూ తిరుగుతున్నాయి. నేను పక్కవాడి గురించి చెబుతాను.

జేమ్స్ వాట్‌కు ఆవిరి ఇంజన్‌లో విడి కండెన్సర్ (ఆవిరిని వేరే గదిలో చల్లబరిచే భాగం) ఆలోచన 1765లో వచ్చింది, 1769లో పేటెంట్ వచ్చింది. ఇంజన్ మాత్రం నడవలేదు. ఎందుకు? సిలిండర్ గుండ్రంగా రాలేదు. పిస్టన్‌కూ గోడకూ మధ్య సందులోంచి ఆవిరి పోయేది. నూనెలో తడిపిన గుడ్డలు, కాగితం, చివరికి పాత టోపీలు కూడా కుక్కి చూశాడు. ఆ మాట చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, జాలేసింది. మా షాపులో ఆ పని చేయని రోజు లేదు.

ఆ చిక్కు విప్పింది జాన్ విల్కిన్సన్. ఫిరంగి గొట్టాలు తొలిచే పనిలో ఉన్నవాడు. తొలిచే కడ్డీని సిలిండర్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దూర్చి, రెండు వైపులా ఆధారం ఇచ్చాడు. ఒక వైపే పట్టుకుంటే కడ్డీ కొస వంగుతుంది, రెండు వైపులా పట్టుకుంటే వంగదు. అంతే సంగతి. 50 అంగుళాల వ్యాసం ఉన్న సిలిండర్‌లో ఎక్కడా పాత షిల్లింగ్ నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ 1776లో రాశాడు. ఆ ఏడే వాళ్ల ఇంజన్లు నిజంగా పనిలోకి దిగాయి. ఆలోచనకూ పనికీ మధ్య పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో లేనిది మేధస్సు కాదు, సరిగ్గా తొలవగల చేయి.

అందుకే నా మాట ఇది: కొత్త సంస్థలు ఎన్ని అని కాదు, కొత్త పని అడిగినప్పుడు చేసిపెట్టగల చేతులు చుట్టూ ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టండి.

కంచుగంట
సానరాయి గారూ, పేరు ఊరికే పెట్టుకోలేదన్నమాట. పదునుగా ఉంది.

కొలనుగట్టు
సానరాయి గారికి తోడుగా ఒకటి. విద్యుత్తు కూడా అంతే ఆలస్యం చేసింది. ఎడిసన్ కేంద్రాలు 1882లో మొదలయ్యాయి. 1899 నాటికి అమెరికా ఫ్యాక్టరీల్లో యంత్రాలు తిప్పే శక్తిలో విద్యుత్ మోటార్ల వాటా 5 శాతం లోపే. సగం దాటడానికి 1920 దాకా పట్టింది. కారణం చాలా సాదాగా ఉంటుంది. పాత ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఆవిరి యంత్రం, దాని నుంచి పైకప్పు పొడవునా ఒక ఇనుప ఇరుసు, దాని నుంచి ప్రతి యంత్రానికీ తోలు బెల్టు ఉండేవి. మొదట్లో యజమానులు ఆవిరి యంత్రం తీసేసి అదే చోట పెద్ద మోటారు పెట్టారు. ఇరుసూ బెల్టులూ అలాగే ఉన్నాయి. పెద్దగా ఏమీ మారలేదు. ప్రతి యంత్రానికీ విడిగా చిన్న మోటారు పెట్టాక, యంత్రాలను ఇరుసు వెంట కాకుండా పని జరిగే వరసలో అమర్చుకునే వీలు వచ్చింది. ఒకే అంతస్తు, పైనుంచి వెలుతురు. ఉత్పాదకత అప్పుడు లేచింది. కనిపెట్టినవాడికి విగ్రహాలు ఉన్నాయి. ఫ్యాక్టరీ నేల మీద యంత్రాల చోటు మార్చిన వేలమంది పేర్లు ఎవరికీ తెలియవు.

నాలుగుబాటలు
కంప్యూటర్లు కొని, పాత కాగితపు పద్ధతినే వాటిలో నడిపే కార్యాలయాలు గుర్తొచ్చాయి. ఇరుసు తీయలేదు, మోటారు పెట్టారు.

అచ్చుబల్ల
అందరూ కొత్త సంగతే మాట్లాడుతున్నారు. పోయినదాని గురించి నేను మాట్లాడాలి.

పంతొమ్మిదేళ్లు అచ్చుశాలలో కంపోజిటర్‌గా పనిచేశాను. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్, కుడిచేయి సీసపు అక్షరాల గడులున్న కేసు మీద. ఏ గడిలో ఏ అక్షరం ఉందో కళ్లకు తెలియనక్కర్లేదు, వేళ్లకు తెలుసు. సీసపు ముక్క మీద ఉండే చిన్న గాడిని బొటనవేలితో తడిమి, తలకిందులు కాకుండా కూర్చేవాణ్ని. కంప్యూటర్ వచ్చిన ఎనిమిది నెలల్లో మా షాపులో కేసులన్నీ తూకానికి పోయాయి. కంప్యూటర్ ముందు ఇరవై ఏళ్ల అమ్మాయి నేను రోజంతా చేసే పనిని మధ్యాహ్నానికి ముగించేది. ఆమె మీద నాకు కోపం లేదు. అచ్చు చౌక అయింది, పుస్తకాలు పెరిగాయి, అదీ నిజమే. కానీ నా వేళ్లకు వచ్చిన విద్యకు ఒక్క రోజులో విలువ సున్నా అయింది. కొత్తది వచ్చి పాతదాన్ని తుడిచేయడానికి ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు పెట్టిన పేరు సృజనాత్మక విధ్వంసం. సృజన ఒకరి ఇంట్లో, విధ్వంసం మరొకరి ఇంట్లో. ఈ సంగతి ఎవరూ చెప్పరేం?

నిప్పురవ్వ
అచ్చుబల్ల గారూ, దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మీరు రాసింది రెండుసార్లు చదివాను.

పాతలెక్కలు
చెప్పాలి, చెప్పకపోవడం మా ఆర్థికశాస్త్రం చదివినవాళ్ల తప్పు. 2025లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న జోయెల్ మోకిర్, ఫిలిప్ అగియోన్, పీటర్ హొవిట్ ముగ్గురి పనిలోనూ ఈ ఘర్షణ ఉంది. కొత్తది వస్తే నష్టపోయేవాళ్లు ఎదురు నిలుస్తారు. వాళ్లను తొక్కేసినా కష్టమే, వాళ్లు కొత్తదాన్ని ఆపేసినా కష్టమే.

ఒక చోట మధ్యే మార్గం దొరికింది. మాల్కం మెక్లీన్ అని ఒక లారీల యజమాని ఉండేవాడు. సరుకును పెట్టె పెట్టెగా దింపి ఓడలోకి మోయడం ఎందుకు, లారీ మీది పెట్టెనే ఎత్తి ఓడ మీద పెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. 1956 ఏప్రిల్ 26న న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు 58 కంటెయినర్లతో ఓడ బయలుదేరింది. రేవుల్లో మూటలు మోసే వేలమంది బతుకు ఆ రోజే మారిపోయింది. అమెరికా పశ్చిమ తీరంలో రేవు కార్మికుల సంఘం 1960లో ఒక ఒప్పందం చేసుకుంది. యంత్రాలను అడ్డుకోము, బదులుగా యజమానులు ఒక నిధికి డబ్బు కట్టాలి, ముందుగా పదవీ విరమణ చేసేవాళ్లకు అందులోంచి ఇవ్వాలి, పనిలో ఉన్నవాళ్ల ఆదాయానికి హామీ ఉండాలి అని. లోపాలు లేవని కాదు. ఆ తరువాత పనిలో చేరాలనుకున్న కుర్రాళ్లకు ఆ ఒప్పందం ఏమీ ఇవ్వలేదు. కానీ లాభంలో నష్టపోయేవాడికి వాటా ఉండాలి అన్న మాట కాగితం మీదికి ఎక్కింది.

అచ్చుబల్ల
మాకు అలాంటిది ఏదైనా ఉంటే ఆరు నెలలు కూర్చుని కీబోర్డు నేర్చుకునేవాణ్ని. నేర్చుకోలేక కాదు, నేర్చుకుంటున్న ఆరు నెలలు ఇల్లు గడవక వదిలేశాను.

దస్త్రాలబల్ల
ఈ ఒక్క మాట ఏ నివేదికలోనూ నాకు కనిపించలేదు. నేర్చుకోవడానికి పట్టే కాలంలో ఇల్లు గడవడం.

ఒంటరిపడవ
నేను సంస్థ పెట్టి మునిగినవాణ్ని. నిప్పురవ్వ గారు చెప్పిన వెయ్యిలో, పదిలో చేరని తొమ్మిది వందల తొంభైలో ఒకణ్ని. మేము తయారుచేసిన వస్తువు బాగానే ఉండేది. కొన్నవాళ్లు మెచ్చుకున్నారు. కానీ పెద్ద కొనుగోలుదారు ఒకరు తొమ్మిది నెలలు బిల్లు ఆపారు, అంతే. వ్యక్తిగత హామీ సంతకం పెట్టినందువల్ల సంస్థ అప్పు నా అప్పయింది. ఏడేళ్లు తీర్చాను.

ఆ ఏడేళ్లలో నాకు తెలిసినదంతా వృథా అయింది. ఏ పదార్థం ఎండకు పగులుతుంది, ఏ కొనుగోలుదారు ఏం అడుగుతాడు, ఎక్కడ తప్పు చేశాం, ఇవన్నీ నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠాలు. రెండోసారి మొదలుపెట్టి ఉంటే మొదటి తప్పులు చేసేవాణ్ని కాదు. మొదలుపెట్టే వీలే లేకపోయింది. బ్రిటన్ 1855లో పరిమిత బాధ్యత చట్టం తెచ్చినప్పుడు, వాటాదారు పెట్టిన సొమ్ము పోతే పోవచ్చు కానీ ఇల్లు పోకూడదనే కదా ఉద్దేశం. చిన్నవాడి దగ్గరికి వచ్చేసరికి హామీ సంతకంతో ఆ చట్టం తెచ్చిన రక్షణంతా ఎగిరిపోతుంది. ఓడినవాడు త్వరగా లేచి నిలబడే దారి లేని చోట, ప్రయోగం చేయండి అని ఎవరికైనా ఎలా చెబుతారు?

నిప్పురవ్వ
ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నేను విత్తనం పోలిక చెప్పినప్పుడు మీలాంటివాళ్లను తలచుకోలేదు.

నాలుగుబాటలు
ఒంటరిపడవ గారూ, బిల్లు ఆపడం గురించి మరింత మాట్లాడాలి. ఎన్ని పథకాలు పెట్టినా, అమ్మిన సరుకుకు గడువులో డబ్బు ఇప్పించే ఏర్పాటు లేకపోతే చిన్న సంస్థ పెద్ద సంస్థకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టే.

నీలిగీత
ఇంతవరకూ ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు విద్య ఎలా పాకుతుంది? బంగ్లాదేశ్ వస్త్ర పరిశ్రమ కథ అదే. 1970ల చివర్లో దేశ్ గార్మెంట్స్ అనే కొత్త సంస్థ కొరియాకు చెందిన దేవూతో ఒప్పందం చేసుకుని 130 మందిని పూసాన్‌లోని ఫ్యాక్టరీకి పంపింది. ఆరు నెలలు కుట్టు వరస ఎలా అమర్చాలి, నాణ్యత ఎలా చూడాలి, విదేశీ కొనుగోలుదారుతో ఎలా మాట్లాడాలి, అన్నీ నేర్చుకుని వచ్చారు. 1987 నాటికి ఆ 130 మందిలో 115 మంది దేశ్‌ను వదిలి వెళ్లిపోయారు. సొంత ఫ్యాక్టరీలు పెట్టినవారు కొందరు, కొత్తవాళ్ల ఫ్యాక్టరీలు నిలబెట్టినవారు కొందరు. ఆ యజమాని వైపు నుంచి చూస్తే ఇది పెద్ద దెబ్బ. దేశం వైపు నుంచి చూస్తే, ప్రపంచంలోని అతిపెద్ద దుస్తుల ఎగుమతిదారుల్లో ఒకటిగా ఎదగడానికి నాటిన నారుమడి అది.

సానరాయి
నీలిగీత గారు నా మనసులోని ముల్లు కదిపారు. నా దగ్గర పని నేర్చుకుని నలుగురు వెళ్లి సొంత షాపులు పెట్టారు. మొదటివాడు వెళ్లినప్పుడు ఆరు నెలలు మాట్లాడలేదు. మా దగ్గర ఒక భాగానికి రంధ్రాలు వేసేటప్పుడు ప్రతి ముక్క మీదా గీతలు గీసి, పంచ్ కొట్టి, తరువాత డ్రిల్ చేసేవాళ్లం. ఒక్కో ముక్కకు ఏడు నిమిషాలు. పనికిరాని ఉక్కు పలకతో ఒక జిగ్ (డ్రిల్ ఎక్కడ దిగాలో చూపే మూస) తయారుచేసి దాన్ని రెండు నిమిషాలకు దించింది అతనే. ఆ జిగ్ ఆలోచన తీసుకుని వెళ్లిపోయాడని నా బాధ.

ఇప్పుడు చూస్తే నా దగ్గర ఆ జిగ్ ఇంకా ఉంది. అతని దగ్గర దాని తరువాత పుట్టినవి పది ఉన్నాయి. పెద్ద ఆర్డరు వస్తే నేను ఒక్కణ్ని చేయలేను, అయిదుగురం పంచుకుంటాం. ఆ నలుగురు వెళ్లకపోతే ఆ ఆర్డర్లు మా వైపే వచ్చేవి కావు.

కొలనుగట్టు
సిలికాన్ వ్యాలీ పుట్టుక కూడా ఇలాంటి వెళ్లిపోవడమే. 1957లో షాక్లీ ప్రయోగశాల నుంచి ఎనిమిది మంది బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. 1968లో అందులోంచి ఇద్దరు వచ్చి ఇంటెల్ పెట్టారు. ఉద్యోగి వెళ్లి పోటీ సంస్థలో చేరకూడదన్న ఒప్పందాలు కాలిఫోర్నియా చట్టం ముందు చెల్లవు, 1872 నుంచీ ఉన్న నియమం అది.

నిప్పురవ్వ
ఆగండి. ఎవరు నేర్చుకున్నది వాళ్లు పట్టుకెళ్లిపోవచ్చు, ఎవరు చేసింది ఎవరైనా చేసుకోవచ్చు అంటే, మొదట డబ్బు పెట్టేవాడు ఎందుకు పెడతాడు? నేను మూడేళ్లు రాత్రింబవళ్లు కూర్చుని చేసినదాన్ని వారంలో ఇంకొకరు దించేస్తే నాకు మిగిలేది ఏమిటి? సానరాయి గారూ, మీ కథ బాగా ముగిసింది. అందరి కథలూ అలా ముగియవు. పేటెంట్ లేకపోతే బౌల్టన్ వాట్ మీద డబ్బు పెట్టేవాడా?

పాతలెక్కలు
పెట్టేవాడు కాదు, పేటెంట్ గడువు పార్లమెంటు 1800 దాకా పొడిగించాకే ఆయన ధైర్యం చేశాడు. నీ మాట సగం నిజం, తమ్ముడూ. మిగిలిన సగం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనుల్లో ఉంది. ఆ గడువు ఉన్నంతకాలం అక్కడి ఇంజనీర్లు మార్పులు చేయబోతే వాట్ కోర్టుకు వెళ్లేవాడు. 1800లో గడువు తీరింది. 1811 నుంచి గనుల వాళ్లు ఏ ఇంజన్ ఎంత బొగ్గుకు ఎంత నీరు తోడిందో నెలనెలా అచ్చువేసి అందరికీ పంచడం మొదలుపెట్టారు. ఎవరి ఇంజన్ వెనకబడిందో ఊరందరికీ తెలిసిపోయేది. ఆ తరువాతి కొన్ని దశాబ్దాల్లో అదే బొగ్గుతో తోడే నీరు రెట్టింపుకు మించి పెరిగింది. మొదటి అడుగుకు కంచె కావాలి, రెండో అడుగుకు ఆ కంచె తీయాలి. ఎప్పుడు తీయాలన్నదే అసలు తగువు.

నిప్పురవ్వ
ఆ "ఎప్పుడు" అన్నది ఎవరు నిర్ణయిస్తారు, ప్రభుత్వమా? ప్రభుత్వం చేయాల్సిన మేలు ఒక్కటే, దారికి అడ్డం రాకుండా ఉండటం.

కంచుగంట
ఇక్కడ మాత్రం మీతో గట్టిగా విభేదిస్తాను. మీరు ఈ మాట రాసి పంపిన ఇంటర్నెట్ 1969లో అమెరికా రక్షణ శాఖ డబ్బుతో మొదలైంది. మీ ఫోనులో దారి చూపించే జీపీఎస్ కూడా రక్షణ శాఖదే. ఇంకో మాట. తైవాన్‌లో 1987లో మోరిస్ చాంగ్ చిప్‌లు తయారుచేసే టీఎస్‌ఎంసీ పెట్టినప్పుడు అతిపెద్ద వాటాదారు ఎవరు? ప్రభుత్వమే. అంతకు పదకొండేళ్ల ముందే, 1976లో, ప్రభుత్వ పరిశోధన సంస్థ అమెరికా నుంచి చిప్‌ల తయారీ పరిజ్ఞానం తెప్పించుకుని ఇంజనీర్లను నేర్చుకు రమ్మని పంపింది. డిజైన్ చేసేవారు వేరు, తయారుచేసేవారు వేరు అన్న కొత్త అమరిక మాత్రం చాంగ్‌దే. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పని అయ్యేది కాదు.

నిప్పురవ్వ
తైవాన్ ఒప్పుకుంటాను. అలా ప్రయత్నించి డబ్బు తగలేసిన ప్రభుత్వాలు ఎన్ని ఉన్నాయో అది కూడా రాయండి.

కంచుగంట
ఉన్నాయి, చాలా ఉన్నాయి. తైవాన్ చేసిన తేడా ఏమిటంటే, ఆ సంస్థ బయటి దేశాల కొనుగోలుదారులకు సరుకు అమ్మి నిలవాలి. స్వదేశంలో పోటీ లేకుండా దాచిపెట్టి పోషించలేదు.

నీలిగీత
మీ ఇద్దరి మధ్యలో నిలిచే కథ కెన్యాది. ఎం-పెసా మొదట చిన్న రుణాల వాయిదాలు ఫోను ద్వారా కట్టించుకోవడానికి చేసిన ప్రయోగం. దానికి బ్రిటన్ ప్రభుత్వ సహాయ శాఖ కొంత డబ్బు పెట్టింది. ప్రయోగంలో పాల్గొన్న జనం వాయిదాలు కట్టడం కంటే ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి దాన్ని ఎక్కువ వాడారు. నడిపేవాళ్లు అది తప్పు వాడకం అని ఆపలేదు. అసలు వ్యాపారం అదేనని గ్రహించి 2007 మార్చిలో ఆ రూపంలోనే మొదలుపెట్టారు. అప్పటికి ఫోను డబ్బుకు చట్టమే లేదు. అయినా కేంద్ర బ్యాంకు అభ్యంతరం లేదని లేఖ ఇచ్చి, దగ్గరుండి గమనించింది. 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం దానివల్ల సుమారు 1,94,000 కుటుంబాలు, అంటే ఆ దేశ కుటుంబాల్లో 2 శాతం, తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డాయి. అడ్డం రాకపోవడం కూడా కొన్నిసార్లు కళ్లు తెరుచుకుని చేయాల్సిన పనే.

నాలుగుబాటలు
"తప్పు వాడకం అని ఆపలేదు." నాకు ఈ కథలో ఇదే నచ్చింది.

దస్త్రాలబల్ల
మళ్లీ నా బల్ల దగ్గరికి వస్తాను. చిన్న అప్పులు చాలామందికి కొంచెం కొంచెం ఇవ్వడమా, ఎదిగేలా ఉన్న కొందరికి పెద్దగా ఇవ్వడమా? మా దగ్గర ఏటా ఇదే వాదన జరుగుతుంది.

పాతలెక్కలు
రెంటికీ ఆధారాలు ఉన్నాయి, చెబుతాను. చిన్న రుణాల మీద ఆరు దేశాల్లో చేసిన ఆరు పరిశోధనలు 2015లో ఒకేసారి వెలువడ్డాయి. బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకో. మేలు జరిగింది, కానీ కొద్దిపాటి మేలు. చేతిలో కొంత వెసులుబాటు వచ్చింది, సగటు కుటుంబ ఆదాయం మాత్రం గట్టిగా కదల్లేదు. పక్కనే నైజీరియా చూడండి. అక్కడ వ్యాపార ప్రణాళికల పోటీ పెడితే దాదాపు 24,000 మంది దరఖాస్తు చేశారు. సుమారు 1,200 మందికి సగటున తలా దాదాపు 50,000 డాలర్లు ఇచ్చారు. చివరి వడపోతలో నిలిచినవారిలో కొందరిని చీటీ వేసి ఎంచారు కాబట్టి పోల్చి చూడటం కుదిరింది. మూడేళ్ల తరువాత, డబ్బు అందినవారి సంస్థల్లో పదిమందికి పైగా పనివాళ్లు ఉండే అవకాశం అందనివారి కంటే చాలా ఎక్కువగా కనిపించింది.

అయితే డబ్బు ఒక్కటే కాదు. భారత్‌లో వస్త్ర మిల్లుల మీద 2013లో వచ్చిన పరిశోధన ఉంది. కొన్ని మిల్లులకు సలహాదారులను పంపి, సరుకు నిల్వ లెక్క రాయడం, మరమ్మతులు ముందే చేయించడం, లోపాలను రోజూ నమోదు చేయడం లాంటి మామూలు పనులు నేర్పించారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 

సానరాయి
మరమ్మతులు ముందే చేయించడం మామూలు పని కాదండీ. అది చేయించగలిగే మనిషి దొరకడం అదృష్టం.

అచ్చుబల్ల
లోపాలను రోజూ రాయడం మేము చేసేవాళ్లం. ప్రూఫులో ఎవరి స్టిక్‌లో ఎన్ని తప్పులో గోడ మీద ఉండేది. చాలా నేర్పింది.

ఒంటరిపడవ
ఒకటి అడుగుతాను, పాతలెక్కలు గారూ. తెలివైనవాళ్లందరూ ఎందుకు కొత్త వస్తువు వైపు రారు? నాతో చదివినవాళ్లలో నాకంటే చురుకైన ఇద్దరు పరిమిట్లు ఇప్పించే మధ్యవర్తులుగా స్థిరపడ్డారు.

పాతలెక్కలు
ఆర్థికవేత్త విలియం బామోల్ 1990లో దీని మీదే రాశాడు. చొరవ ఉన్న మనుషులు అన్ని కాలాల్లోనూ, అన్ని సమాజాల్లోనూ ఉంటారు. వాళ్లు ఎటు వెళతారన్నది ఆ సమాజం దేనికి ఎక్కువ ప్రతిఫలం ఇస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. తయారీకి ఇస్తే తయారీకి, పరిమిట్లకు ఇస్తే పరిమిట్లకు, దోపిడీకి ఇస్తే దోపిడీకి. మీ స్నేహితులలో లోపం లేదు. దారి అటు వేసి ఉంది.

దస్త్రాలబల్ల
మీరంతా రాసింది చదువుతుంటే ఒక దస్త్రం కళ్ల ముందు మెదిలింది. పోయిన నెల తిప్పి పంపాను. ఒకాయన ఆరబెట్టే యంత్రాలు బాగుచేస్తాడు. బయటికి పోయే వేడిగాలిని ఒక గొట్టంలో వెనక్కి తిప్పి, లోపలికి వచ్చే చల్లగాలి పక్కనుంచి పంపిస్తే ఇంధనం ఆదా అవుతుందని దరఖాస్తు. మా పత్రంలో బొమ్మ గీయడానికి చోటు లేదు కదా, చివరి పేజీ వెనక పెన్సిల్‌తో గీశాడు. గొట్టం వంపు దగ్గర రెండుసార్లు చెరిపి మళ్లీ గీసినట్టు కాగితం మీద మరక కూడా ఉంది. "పోల్చదగిన వ్యాపారం లేదు" అని నా చేత్తోనే రాసి పంపాను. రేపు ఫోను చేసి పిలిపిస్తాను. లెక్క చూడగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సానరాయి
ఉన్నాను. ఆయన ఒప్పుకుంటేనే బొమ్మ చూపించండి, లేదంటే వద్దు. గొట్టం లోపలి వ్యాసం ఎంత, పొడవు ఎంత, వంపులు ఎన్ని, ఇవి అడిగి రాసుకోండి. వేడిగాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది, చల్లబడితే గొట్టంలో నీళ్లు కడతాయి. ఆ నీళ్లు ఎటు పోతాయో ఆయన ఆలోచించాడో లేదో ముందు అది కనుక్కోండి.

దస్త్రాలబల్ల
బొమ్మ కాపీ ఇప్పుడే తీసి చూశాను. వంపు కింద చిన్న గీత, దాని పక్కన "ఇక్కడ నీళ్లు" అని ఉంది.

సానరాయి
అయితే ఆయన్ని ఒక్కణ్నే పిలవకండి, నేనూ వస్తాను.